బోర్లించిన కుండ

చిదంబరయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన మొదట చేసే పని చెప్పులు వెతుక్కోవడం. కూర్చున్నచోట జవాబు దొరకదని ఆయన నమ్మకమో, నడిచి నడిచి అడిగినవాడే ప్రశ్న మరిచిపోతాడన్న ఆశో తెలియదు గాని, ఆయన శిష్యులందరికీ విద్య అబ్బినా అబ్బకపోయినా పిక్కబలం మాత్రం బాగా అబ్బింది.

ఆ శిష్యుల్లో మృత్యుంజయం చదువులో దిట్ట. మడిలో అంతకన్నా దిట్ట. ఎక్కడికి వెళ్ళినా తన రాగిచెంబు తన భుజాన ఉండాల్సిందే. పరాయి చెయ్యి సోకిన నీళ్ళు తాగడం కన్నా గొంతు ఎండబెట్టుకోవడం మేలని అతని సిద్ధాంతం. ఉగాది దగ్గరపడుతున్న రోజుల్లో ఒక ఉదయం అతను గురువుగారి ముందు కూర్చుని, చాలాకాలంగా మనసులో నలుగుతున్న సందేహం బయటపెట్టాడు.

"పెద్దలు లజ్జను పాశాల్లో చేర్చారు. పాశమంటే తాడే కదండీ. దాన్ని తెంచుకుంటే గాని ముక్తి లేదంటారు. తీరా సిగ్గు విడిచినవాణ్ణి చూస్తే లోకం ఛీ అంటుంది. ఇంతకీ సిగ్గును తెంచుకోవాలా, ఉంచుకోవాలా?"

చిదంబరయ్య గారు వంగి మంచం కింద నుంచి చెప్పులు లాగారు. "అడవిదారిన వెళ్ళి మల్లన్నను చూసొద్దాం, పద" అన్నారు.

నల్లమలలో ఆ దారి కాలినడకకు తప్ప మరి దేనికీ పనికిరాదు. ఉగాదికి కొండమీదికి నడిచిపోయే జనం కోసం దారిపొడుగునా అక్కడక్కడా పాకలున్నాయి. ఎవరు వేశారో ఎవరూ చెప్పలేరు. కప్పు చెదిరితే ఆ పూట అక్కడ ఆగినవాళ్ళే ఇంత బోదగడ్డి కోసి కప్పుతారు. వాటికి తలుపులు లేవు, తాళాలు అసలే లేవు. లోపల ఒక మట్టికుండ, దాని మీద మూత, గుంజకు వేలాడే చేంతాడు, అంతే. వెళ్ళేటప్పుడు మృత్యుంజయం ఏ పాకలోనూ అడుగు పెట్టలేదు. గురువుగారు నలుగురితో కలిసి లోపల నడుం వాల్చితే, తను బయట చెట్టునీడన కూర్చుని తన చెంబులో నీళ్ళు తాను తాగాడు. కాబట్టి లోపల ఎవరు ఏం చేస్తున్నారో, వెళ్ళేముందు ఏం చేసి వెళ్తున్నారో అతనికి పట్టలేదు.

దర్శనమైంది. తిరుగుదారిలో ఇద్దరూ నడిమిపాక చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ పూట పాకలో వేరే మనుషులెవరూ లేరు. చిదంబరయ్య గారు కుండలోంచి దోసెడు నీళ్ళు తాగి, కాసేపు వాలి లేచారు.

"నా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. నేను మెల్లగా దిగుతుంటాను. నువ్వు కుండ సంగతి చూసి వచ్చెయ్యి" అని ముందుకు సాగారు.

మృత్యుంజయం కుండ సంగతి చూశాడు. నీళ్ళ మీద ఆకు ఒకటి తేలుతోంది. అడుగున నాచు. ఎంతమంది చేతులు ముంచారో, ఎవరెవరో! అతనికి ఒళ్ళు జలదరించింది. కడిగి పెట్టమని గురువుగారు చెప్పకనే చెప్పారనుకున్నాడు. నీళ్ళన్నీ పారబోశాడు, బూడిదతో కుండను లోపలా బయటా రుద్దాడు, తన చెంబులో నీళ్ళు కాసిని పోసి కడిగాడు. ఇంట్లో వాళ్ళమ్మ తోమిన గిన్నెలు పెట్టినట్టే చక్కగా బోర్లించి, తృప్తిగా చేతులు దులుపుకుని బయల్దేరాడు.

"కుండ చూశావా?" అన్నారు గురువుగారు, అతను వచ్చి కలుసుకోగానే.

"చూశానండీ. ఏ లోటూ లేదు."

దారి మలుపు తిరిగేచోట ఎదురుగా ఇద్దరు ఎక్కి వస్తున్నారు. ఒక ముసలాయన, ఆయన్ని చంక కింద చెయ్యి వేసి నడిపిస్తున్న కోడలు. ఆమె పేరు సుంకమ్మ. ముసలాయన పెదవులు తెల్లగా పిడచకట్టి ఉన్నాయి. ఆమె చేతిలోని సీసాలో అడుగున కొంచెం నీళ్ళున్నాయి.

"సామీ, నడిమిపాకలో కుండ నిలబెట్టి ఉండాదా, బోర్లించినారా?" అని అడిగింది సుంకమ్మ.

"నిలబెడితే ఏమిటి, బోర్లిస్తే ఏమిటి?" అన్నాడు మృత్యుంజయం.

"అదేంది సామీ, బోర్లించి ఉంటే ఎనక దొనలో ఊట ఎండిపోయినట్టు గదా! బండల సందున అంత లోతుకు ఊరికే ఎవురు దిగుతారు? నిలబెట్టి ఉంటే నీళ్ళున్నట్టు. తాగినోళ్ళు మళ్ళా నింపి పోతారు. నీళ్ళు లేకుంటే మేం ఇంగ ఎనక్కి తిరగాల్సిందే. పానం పోకముందు ఒక్కసారి మల్లయ్యను చూడాలని మా మామ మొక్కు. ఇప్పుడు తిరుక్కుంటే ఇంగ ఈ జన్మకు ఎక్కలేడు."

మృత్యుంజయం నోరు తెరిచేలోగా చిదంబరయ్య గారు అందుకున్నారు. "దిగులు పడకు తల్లీ. కుండ నిండుగా ఉంది. మా మృత్యుంజయం ఇప్పుడే నింపి వచ్చాడు."

సుంకమ్మ ముఖం విప్పారింది. ముసలాయన కూడా తలెత్తి, చేతులు రెండూ జోడించాడు. "కుండ నింపినోళ్ళు ఎదురుపడితే కాళ్ళు కడగాలని మా అత్త సెప్పేది" అంటూ ఆమె సీసా మూత తీసింది. వద్దనేలోగా వంగి, ఉన్న నీళ్ళన్నీ మృత్యుంజయం పాదాల మీద పోసేసింది.

ఆ నీళ్ళు ఎండకు కాగి గోరువెచ్చగా ఉన్నాయి. పాదాల మీద నుంచి జారి దుమ్ములో ఇంకిపోతుంటే ముసలాయన కళ్ళు వాటినే చూస్తున్నాయి. చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అని మృత్యుంజయం లోపల ఎవరో గింజుకుంటున్నారు. సభలో నలుగురు పండితులను నోరెత్తనివ్వని ఆ నాలుక ఇప్పుడు అంగిట్లో అతుక్కుపోయింది. ఒక్క మాట మాత్రం అలవాటు కొద్దీ దానంతటదే బయటికొచ్చింది. "శుభమస్తు" అన్నాడు.

వాళ్ళు పైకి సాగిపోయారు. వీళ్ళు కిందికి నడిచారు. తడికాళ్ళకు మట్టి అంటుకుని మృత్యుంజయం అడుగు అడుగుకూ బరువెక్కింది. తన పాదాలు తనకే చూడబుద్ధి కాలేదు. చివరికి దారి మధ్యలో నిలబడిపోయి, "కుండ బోర్లించి వచ్చానండీ. నీళ్ళు పారబోశాను" అన్నాడు.

చిదంబరయ్య గారి ముఖం నల్లబడింది. ఆమె నీళ్ళు పోసింది తన మాట నమ్మే కదా. ఆయన పక్కనున్న బండమీద కూలబడి అన్నారు: "నాకెందుకు చెబుతావు? దాహం నాది కాదు."

మృత్యుంజయం వెనక్కి తిరిగి పరుగెత్తాడు. పంచె ముళ్ళకు చిక్కి చిరిగింది. వాళ్ళ కంటపడకుండా అడ్డదారిన పోయి, ముందే చేరి కుండ నింపేస్తే ఎవరికీ తెలియదు కదా అని ఒక ఆలోచన కూడా తోచింది. పరువు ఎంత పాడుదో అప్పుడు తెలిసింది అతనికి. కానీ అడవిలో అడ్డదారులు వెతకడానికి వ్యవధి లేదు.

అతను చేరేసరికి ముసలాయన పాక గుంజకు చేరగిలబడి కళ్ళు మూసుకుని ఉన్నాడు. సుంకమ్మ బోర్లించిన కుండ ముందు నిలబడి ఉంది. "దొన ఎండిపోయినాది మామా. లెయ్, ఎనక్కి పోదాం" అంటూ ఆయన చంక కింద చెయ్యి వేసింది.

"ఎండలేదమ్మా!" అన్నాడు మృత్యుంజయం రొప్పుతూ. "నేనే పారబోశాను. నేనే బోర్లించాను. ఇందాక నువ్వు అడిగినప్పుడు కూడా తెలుసు."

ఆమె అతని ముఖం చూడలేదు. మట్టి కొట్టుకుపోయిన పాదాలను చూసింది. "అప్పుడే ఒక మాట సెప్పింటే, ఆ నీళ్ళు మా మామకన్నా పోసింటి గదా సామీ" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

రాగిచెంబు భుజం మీద నుంచి దించి, ముసలాయన తల ఎత్తి పట్టుకుని, తన చేత్తో పెదవులకు ఆనించాడు. ఆ చెంబుకు మరొకరి పెదవులు తగలడం అదే మొదలు. ఉన్నవి నాలుగు గుక్కలే. కుండ కడగడానికి పోసిన నీళ్ళు కూడా అప్పుడు గుర్తొచ్చాయి. ముసలాయన ఆ నాలుగూ తాగి, ఇంకా కావాలన్నట్టు చూశాడు.

మృత్యుంజయం కుండను ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. అంతలో చిదంబరయ్య గారు మోకాళ్ళు పట్టుకుంటూ పాక ముందుకు వచ్చారు. ఆయన్ను చూడగానే శిష్యుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సిగ్గుతో చచ్చిపోతున్నానండీ. తల ఎత్తలేకపోతున్నాను" అన్నాడు.

చిదంబరయ్య గారు గుంజకు వేలాడుతున్న చేంతాడు తీసి అతని భుజాన వేశారు.

"తాడు తెంచుకోవాలా అని అడిగావు కదూ. ముందు నీళ్ళు తోడుకు రా."