చివరగా దిగినవాడు

మార్కండేయ శాస్త్రిగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాడి ముఖం కాసేపు చూస్తారు, ఈ ప్రశ్న ఇతనిదేనా, ఎవరైనా చెప్పి పంపారా అన్నట్టు. ఆ చూపు నాకు మొదటిరోజే నచ్చింది. నేను కరెంటు ఆఫీసులో ముప్పై రెండేళ్ళు మీటర్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. ఇంటాయన గుమ్మంలోనే ఎదురొచ్చి, నవ్వుతూ మజ్జిగ ఇచ్చాడంటే ఆ ఇంట్లో మీటరు సీలు తెగి ఉంటుందని నాకు చూడకుండానే తెలిసిపోయేది. ఇంట్లో కూర్చుంటే పెళ్ళాన్ని కూడా తనిఖీ చేస్తానేమోనని భయం వేసి, కొవ్వూరులో ఆయన తర్కశాస్త్రం పాఠం చెప్పే వరండాలో, నాకంటే నలభై ఏళ్ళు చిన్నవాళ్ళ వెనక చాప మీద చేరాను.

ఆ రోజు పాఠం సంశయం గురించి. మసక వెలుతురులో దూరాన ఏదో నిలబడి ఉంది. అది మోడా, మనిషా? ఇది శాస్త్రంలో ఎప్పటినుంచో చెప్పే ఉదాహరణ. మా అందరిలోకి చురుకైన శిష్యుడు ఫణీంద్రకు అది చాల్లేదు. "గురువుగారూ, మోడు సంగతి సరే. పదిమంది మనుషులున్న చోట ఏదో తప్పు జరిగింది. అప్పుడు సంశయం ఎవరితో మొదలుపెట్టాలి?" అని అడిగాడు.

"చెమట పట్టినవాడితో" అన్నాను నేను వెనకనుంచి. అందరూ నవ్వారు. శాస్త్రిగారు నవ్వలేదు. ఫణీంద్రను వదిలేసి నా వైపు చూశారు. "భీమేశ్వరరావుగారూ, ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను" అని పుస్తకం మూసేశారు. తర్వాత ఆయన చెప్పింది మీకు నా మాటల్లో చెబుతున్నాను. మధ్యలో ఒకచోట ఆయన్ని నమ్మలేకపోయాను. అదీ దాచను.

అప్పటికి పన్నెండేళ్ళ కిందట, మే నెలలో, వాళ్ళ బంధువుల ఇంట ఒడుగు. ఊరి బయట ఫంక్షను హాల్లో ఏర్పాటు చేశారు. శాస్త్రిగారి అమ్మాయి వాగ్దేవి సామాను వేసుకుని తెల్లవారుతూనే ముందు కారులో వెళ్ళిపోయింది. ఆమె కూతురు హారికకు అప్పటికి రెండేళ్ళు నిండలేదు. రాత్రంతా పేచీ పెట్టి అప్పుడే నిద్రపోయిన పిల్లను లేపడం ఎందుకని, తర్వాత తీసుకురమ్మని తండ్రికి ఒప్పజెప్పింది. శాస్త్రిగారు మనవరాల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని చివరి కారులో వెనక సీట్లో ఒక్కరే వచ్చారు. అద్దెకారు, అద్దాలకు నల్ల ఫిల్ము.

కారు హాలు ముందు ఆగగానే సన్నాయి మోగింది. "శాస్త్రిగారొచ్చారు, శాస్త్రిగారొచ్చారు" అంటూ ఇద్దరు ముగ్గురు ఎదురొచ్చి తలుపు తీశారు. దిగీ దిగకముందే ఒకాయన పాదాలకు వంగాడు. ఒళ్ళో పిల్లను పెట్టుకుని ఆశీర్వదించడం ఎలా? ఆయన హారికను సీటు మీద అవతలికి జరిపి పడుకోబెట్టి, ఉత్తరీయం సర్దుకుని, దిగి, వంగిన తల మీద చెయ్యి పెట్టారు. రెండో ఆయన వంగాడు. మూడో ఆయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి లోపలికి తీసుకుపోయాడు. నీడున్న చోటల్లా ముందొచ్చిన కార్లు నిలబెట్టేశారు. డ్రైవరు ఈ కారును పక్కనున్న ఖాళీస్థలంలో, ఆ చివర, నిలువెండలో పెట్టి, తాళం వేసుకుని, టిఫిను తినడానికి రోడ్డు దాటాడు. పెద్దాయన పిల్లతోనే దిగి ఉంటాడని అతను అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

నేను ఇక్కడే అడ్డం పడ్డాను. "అదెలా కుదురుతుందండీ? మనిషి గొడుగు మర్చిపోతాడు, కళ్ళజోడు మర్చిపోతాడు. ఒళ్ళో పిల్లను మర్చిపోవడమేమిటి?" అన్నాను. నా గొంతులో మీటరు తనిఖీ పలికింది.

"గొడుగు మర్చిపోలేదండీ. చంకలోనే ఉంది" అన్నారు శాస్త్రిగారు.

ఇరవై నిమిషాలు గడిచాయి. ఆయన ముందు వరసలో కూర్చుని ఎవరితోనో మాట్లాడుతుండగా వాగ్దేవి పళ్ళెంతో అటు వచ్చింది. "నాన్నగారూ, హారికేదీ? లేచిందా?"

"నీ చేతికే ఇచ్చాను కదమ్మా."

"నాకా? ఎప్పుడు?"

"మెట్ల దగ్గర. నిద్రపోతోంది, కదపకు అని కూడా చెప్పాను."

ఆయన అబద్ధమాడలేదు. మెట్ల దగ్గర పిల్లను ఆమె చేతికి ఇచ్చిన మాట నిజం. నిద్రపోతోంది, కదపకు అన్నదీ నిజమే. కాకపోతే అది ముందురోజు సాయంత్రం, వాళ్ళింటి మెట్ల దగ్గర జరిగింది. వాగ్దేవి తన చేతులకేసి చూసుకుంది. తండ్రి నోట పొరపాటు మాట రావడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అన్నదమ్ముల తగవుల్లో కూడా, శాస్త్రిగారు చూశానన్నారంటే ఇక సాక్షులు అక్కర్లేదనేవారు. "ఇచ్చే ఉంటారు. తాంబూలాల గదిలో నేనే ఎక్కడో దింపేసి ఉంటాను. ఎంత మతిలేనిదాన్ని" అంటూ పళ్ళెం అక్కడే పడేసి పరుగెత్తింది.

గుండిగల వెనక, కుర్చీల కింద, పందిరి గుడ్డల చాటున, చేతులు కడుక్కునే చోట, మేడ మీద, అంతటా వెతికారు. పిల్ల హాల్లోకి వచ్చిందనే అందరి నమ్మకం, ఎందుకంటే శాస్త్రిగారు ఇచ్చానన్నారు. కార్లున్న వైపు ఎవరూ తొంగి చూడలేదు. ఇంతలో ఎవరో ఆడమనిషి "ఈమధ్య పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారట" అంది. ఆ మాట పడగానే అందరూ పిల్లను వెతకడం మానేసి దొంగను వెతకడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి జ్ఞాపకం వచ్చింది. పూలమనిషి ఎందుకంత తొందరగా వెళ్ళిపోయింది? టెంటువాళ్ళలో ఆ పొట్టివాడు ఏడీ? ఫొటోగ్రాఫరు వెంట వచ్చినవాడు ఎవరు? ఒకరి సంచీ ఒకరు అనుమానంగా చూసుకున్నారు. అందరికంటే గట్టిగా ఏడుస్తున్న ఒక పెద్దావిడ మీద కూడా కొందరికి కన్ను పడిందట.

అప్పుడు దొరికాడు నూకరాజు. వంటశాలకు మంచుదిమ్మలు తెచ్చిన ట్రాలీ ఆటో మనిషి. కార్ల మధ్య తిరుగుతూ, కళ్ళకు అటూ ఇటూ చేతులు అడ్డం పెట్టుకుని ఒక కారు అద్దంలోంచి లోపలికి చూస్తున్నాడట. ఇద్దరు రెక్కలు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. మూడోవాడు ఏమీ అడక్కుండానే మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం కారింది. శాస్త్రిగారు చెయ్యెత్తి, "కొట్టకండి. నేను అడుగుతాను" అన్నారు. ఎంత ధర్మాత్ముడో అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. వింటున్న నాకు మాత్రం భయం వేసింది. కొట్టేవాడి దగ్గర తప్పించుకోవచ్చు, నెమ్మదిగా అడిగేవాడి దగ్గర కుదరదు. నేనూ నెమ్మదిగానే అడిగేవాణ్ణి.

"నీ పని వంటశాల దగ్గర కదా?"

"ఆయ్, అవునండి."

"మరి కార్ల దగ్గరికి వెళ్ళావా?"

"ఎల్లానండి. నీడకి బండి ఎడదామని. అక్కడ ఓ కారులోనండి..."

"అడిగినదానికే జవాబు చెప్పు. కారు లోపలికి చూశావా?"

"చూశానండి. ఏదో కదిలినట్టు అవుపడిందండి. అద్దం నల్లగుంది, సరిగ్గా తెల్లేదు. మళ్ళీ చూద్దామని వొంగితే ఈళ్ళొచ్చి..."

"ఏ కారు?"

"ఆ చివరదండి. ఎండలో ఉంది చూడండి, తెల్లది."

"ఆ కారులోంచి చివరగా దిగినవాణ్ణి నేను. అందులో ఏమీ లేదు" అన్నారు శాస్త్రిగారు.

తర్వాత ఆయన సభవైపు తిరిగి విషయం తేల్చారు. పని లేని చోటికి వెళ్ళాడు. లేనిదాన్ని చూశానంటున్నాడు. పొద్దున్నుంచీ మంచు మోస్తున్న మనిషికి ఈ చెమట ఎక్కడిది? భయపడ్డాడు కనుక. భయం ఎందుకు? దాచాడు కనుక. ఒక్కొక్క మెట్టూ కట్టుకుంటూ వచ్చి, పిల్లను ఇతనే ఎవరికో అందించాడని నిలబెట్టారు. హాల్లో కొందరు ఆహా అన్నారట. "నేను అంత చక్కని వాదం ఏ పండితసభలోనూ చేయలేదు. లోపల సంతోషంగా కూడా ఉంది" అన్నారు మాతో, దాచుకోకుండా. అరవై అడుగుల దూరంలో, మూసేసిన కారులో, ఆ ఎండకు రెండేళ్ళ పిల్ల ఉడికిపోతోంది. లేచి ఆయన నోరు మూసేయాలనిపించింది. పన్నెండేళ్ళ కిందటి నోరు ఎలా మూస్తాను?

పోలీసులకు ఫోను చేయండని ఎవరో అరిచారు. పట్టుకున్నవాళ్ళు ఫోను కోసం జేబులు తడుముకున్న ఆ క్షణంలో నూకరాజు విదిలించుకుని పరుగు తీశాడు. "పారిపోతున్నాడు, గేటు మూసేయండి" అని జనమంతా గేటు వైపు పోయారు. వాగ్దేవి ఒక్కతే చూసింది. వాడు గేటు వైపు వెళ్ళడం లేదు, కార్ల వైపు వెళ్తున్నాడు. ఎందుకో తెలియకుండానే వాడి వెనక పరుగెత్తింది. నూకరాజు తన ట్రాలీలోంచి మంచు పగలగొట్టే ఇనుప చువ్వ తీసి, తెల్లకారు ముందు సీటు పక్క అద్దం మీద కొట్టాడు. మూడో దెబ్బకు అద్దం పగిలింది.

హారిక సీటు మీద లేదు. కిందకు జారిపోయి, రెండు సీట్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఒళ్ళు ఎర్రగా కాలిపోతోంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. ఏడుపు లేదు. నూకరాజు పిల్లను లాగి, మంచు మీద కప్పిన తడి గోనెపట్టా ట్రాలీలో పరిచి పడుకోబెట్టి, కరిగిన నీళ్ళు దోసిళ్ళతో పోశాడు. "అమ్మా, మీరెక్కండి, పోస్తానే ఉండండి" అని ఆ ట్రాలీలోనే ఆస్పత్రికి తోలాడు. గేటు మూసేసినవాళ్ళే గేటు తీశారు. శాస్త్రిగారు మెట్ల మీద నిలబడిపోయారు. ఆయన పాదాలకు ఎవరూ వంగలేదు.

పిల్లకు రెండు రోజులు తెలివి రాలేదు. ఇంకో పది నిమిషాలైతే మా దాకా తేనక్కర్లేకపోయేదని డాక్టరు వాగ్దేవి ముందే అన్నాడు. మూడోనాడు పొద్దున సూది గుచ్చుతుంటే కెవ్వుమంది. ఆ ఏడుపు విని శాస్త్రిగారు ఆస్పత్రి వరండాలో కూలబడి, వచ్చేపోయేవాళ్ళందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చారు. హారిక ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది, నేను చూశాను, తాతగారిని ఆటపట్టిస్తూ ఉంటుంది. పిల్ల బతికిందా అని నేను కథ మధ్యలోనే అడిగేశానని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ పిల్ల బతికిందని తేలేదాకా నాకు కథ చెవికెక్కలేదు.

తర్వాత ఆయన మంచు ఫ్యాక్టరీ వెతుక్కుంటూ వెళ్ళి, నూకరాజు ముందు చేతులు జోడించారు. పెదవి మీద కుట్లతో ఉన్నాడతను. బాబోయ్ తప్పండీ అంటూ ఆ చేతులు దించి, కాస్త సిగ్గుపడుతూ ఇలా అన్నాడట: "మీరంత పెద్దోరు, ఏం లేదని అంత గట్టిగా చెప్తుంటే నాకే డౌటొచ్చేసిందండి, నా కళ్ళే తప్పేమోనని. ఓపాలి చూసేస్తే పోద్ది కదాని లగెత్తానండి."

శాస్త్రిగారు అక్కడ ఆపేశారు. ఎదురింటి ముందు ఆగి ఉన్న కారు వైపు మాలో ఇద్దరు లేచి వెళ్ళి చూసొచ్చారు. ఖాళీగానే ఉంది. నేను మాత్రం ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ముప్పై రెండేళ్ళలో నేను పట్టుకున్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే జ్ఞాపకం వస్తున్నాయి. వాటిలో కొన్ని అంత నమ్మకంగా జ్ఞాపకం రావడం నాకు నచ్చలేదు.

చివరికి ఫణీంద్రే గొంతు సవరించుకున్నాడు. "గురువుగారూ, జ్ఞాపకం ప్రమాణం కాదని శాస్త్రమే చెబుతోంది కదా. ఎంతైనా ఇప్పుడు మీకు అది తప్పని తెలిసిపోయింది. ఇక చిక్కేముంది?"

శాస్త్రిగారు తన రెండు అరచేతులూ చూసుకున్నారు.

"తెలిసింది. అయినా ఇప్పటికీ గుర్తుంది నాయనా. ఆ హాలు మెట్ల దగ్గర, సన్నాయి మోగుతుండగా, ఈ చేతులతోనే పిల్లను వాగ్దేవికి ఇచ్చాను."