శవానికి దారి ఉంది

చిన్న కథ చెబుతాను, వక్కపలుకు నమిలేలోపు అయిపోతుంది. అయితే ముందు కోదండపాణి గారి కుర్చీ సంగతి చెప్పాలి. కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళు కూర్చుని వచ్చిన మనిషి కదా, మౌనప్ప తాత దగ్గర శిష్యుడిగా చేరినా నేల మీద కూర్చోలేడు. మడతకుర్చీ వెంట తెచ్చుకుంటాడు. గురువు కింద చాప మీద, శిష్యుడు పైన కుర్చీలో. కొత్తవాళ్ళు వస్తే దణ్ణం పాణి గారికి పెట్టి పోతారు, ఆయన కాదనడు. ఇక మౌనప్ప తాతని ఏదైనా అడిగితే జవాబు చెప్పడు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఇంటికి పంపిస్తాడు. అది జ్ఞానం కాదు, మతిమరుపు అంటుంది మా పిండిమర సుభద్రమ్మ. ఆవిడ గురించి మొదలుపెడితే ఈ కథ సాగదు.

ఆ రోజు పాణి గారు రేడియో విని వచ్చాడు.

"స్వామీ, కరోనా అన్ని దేశాలకీ వచ్చింది. మిగతావాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ కొట్టుకు చచ్చే దేశాలు మాత్రం ఇంకా కోలుకోలేదట. మందులు పంపినా అందుకోరట. వాళ్ళకే శ్రద్ధ లేకపోతే ఎవరేం చేస్తారు?"

తాత వేరుశనక్కాయలు ఒలవడం ఆపాడు. ఆయన ఒలవడం ఆపితే కోపం వచ్చినట్టని మాకు తెలుసు. పాణి గారు కుర్చీ సర్దుకున్నాడు.

తాత చెప్పింది ఇదీ.

ఆయన తల్లి పుట్టిల్లు తుమ్మరేవు. అక్కడ పై వీధికీ కింది వీధికీ ఇరవై ఏళ్ళుగా కక్ష. కింది వీధివాళ్ళు పై వీధిలో అడుగు పెడితే కాళ్ళతో తిరిగి రారు. కానీ శ్మశానం పై వీధి దాటాక ఉంది, మంత్రసాని ఇల్లు కూడా పై వీధిలోనే. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. పురుటికీ శవానికీ అడ్డు లేదు. బాంబులు వేసుకున్న రోజున కూడా ఇది తప్పలేదు. ఆ ఊరికి దీని గురించి చాలా గర్వం.

కరోనా రెండేళ్ళూ పిల్లలకి మామూలు టీకాలు వేసే దిక్కు లేదు. ఆ వెనకే తట్టు లేచింది. కింది వీధి ఈరమ్మ పెద్ద మనవడు దాంతోనే పోయాడు. చిన్నది మనవరాలు మిగిలింది. అప్పుడు నర్సు మార్తమ్మ టీకాల పెట్టెతో వచ్చి పై వీధి బడిలో కూర్చుంది. ఊళ్ళో కప్పున్న సర్కారు గది అదొక్కటే.

ఈరమ్మ పిల్లని చంకనేసుకుని వీధి మొదట్లో నిలబడింది. పై వీధి పెద్ద ఓబుళయ్య అరుగు మీద ఉన్నాడు.

"పిల్లకి సూది వేయించుకుని పోతా నాయనా."

"పురుడా అవ్వా?"

"కాదు."

"శవమా?"

"ఇంకా కాలేదు."

"అయితే దారి లేదు. కట్టుబాటు నేను పెట్టింది కాదు."

ఈరమ్మ ఇంటికి పోయింది. గంటలో తిరిగి వచ్చింది. ముందు డప్పు, వెనక చేతుల మీద తెల్లగుడ్డలో చుట్టిన పిల్ల. పై వీధి మగవాళ్ళు లేచి, తలగుడ్డలు తీసి దారి ఇచ్చారు. బడి దగ్గర మార్తమ్మ గుడ్డ విప్పి సూది వేసింది. పిల్ల వీధంతా వినబడేట్టు ఏడ్చింది. ఓబుళయ్య గోడ వైపు తిరిగి, "ఏడ్చే శవాల గురించి పెద్దలు ఏమీ చెప్పలేదు" అన్నాడు. ఆయన కూడా నలుగురు పిల్లల తాతే.

మరుసటి వారం కింది వీధి నుంచి ఇరవై ముగ్గురు పిల్లలు తెల్లగుడ్డల్లో బయల్దేరారు. ఇంట్లో తెల్లగుడ్డ లేనివాళ్ళు పంచె చించారు. డప్పు ఒక్కటే అందరికీ సరిపోయింది. ఖర్మ, ఆ రోజే మార్తమ్మ పైఅధికారి జీపులో వచ్చాడు. వరసగా వస్తున్న చిన్న మూటల్ని చూసి జీపు దిగలేదు.

"బతికే ఉన్నారు సార్. ఇలా అయితేనే దారి ఇస్తారు" అంది మార్తమ్మ.

"బతికున్న పిల్లల్ని శవాల్లా మోసే ఊళ్ళో రేపేదైనా జరిగితే నా మీదికి వస్తుంది. పరిస్థితులు కుదుటపడ్డాక వద్దాం. పెట్టె ఎక్కించు."

మార్తమ్మ పెట్టెని పట్టుకుని నిలబడింది. ఇద్దరు బంట్రోతులు లాక్కుని ఎక్కించారు. అది పక్కనున్న శాంతమైన ఊరికి పోయింది. అక్కడి పిల్లలకి అప్పటికే టీకాలు అయిపోయాయి. పెట్టె పక్కన నిలబడి అందరూ ఫోటో దిగారు. తుమ్మరేవు ప్రజలు సహకరించలేదని కాగితంలో రాసుకున్నారు.

నెల తిరిగేసరికి తట్టు మళ్ళీ వచ్చింది. ఆ ఇరవై ముగ్గురిలో ఆరుగురు పై వీధి మీదుగా పోయారు. ఓబుళయ్య ఆరుసార్లూ తలగుడ్డ తీశాడు. పరిస్థితులు కుదుటపడ్డాయో లేదో చూడటానికి జీపు ఇంకా రాలేదు.

ఇంతే చెప్పి తాత మళ్ళీ శనక్కాయలు అందుకున్నాడు. పాణి గారు కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చోలేదు, పోనూ లేదు.

"మరి తప్పు ఎవరిది స్వామీ? ఓబుళయ్యదా, ఆ అధికారిదా?"

తాత ఆయన వైపు చూడకుండా అన్నాడు: "బతకాలంటే ముందు చచ్చి చూపించమన్నాం. చూపించారు. ఇంకా లేవలేదేమని ఇప్పుడు మనమే అడుగుతున్నాం."