వెనక వస్తున్న మనిషి

దైవసహాయం అయ్యగారు ఎక్కడినుంచైనా అందరికంటే చివరనే బయటికి వస్తారు. ప్రార్థన కానివ్వండి, పెళ్ళి కానివ్వండి, తరగతి కానివ్వండి, ఆఖరి మనిషి గడప దాటాకే ఆయన చెప్పులు వేసుకుంటారు. గోదావరి ఒడ్డున పాస్టర్లను తయారుచేసే ఆ చిన్న పాఠశాలలో విద్యార్థులు దీనిమీద నవ్వుకునేవారు. ఆఖరి మనిషి కోసం ఆగే అయ్యగారు ఎప్పటికీ లోపలికి రారు కాబట్టి పరలోకం తలుపులు వెయ్యడం ఇక కుదరదని వాళ్ళ హాస్యం. ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం" అంటారు.

ఆ మాట వింటే టైటస్‌కు ఒళ్ళు మండేది. దొరికిన పుస్తకమల్లా చదివిన కుర్రాడు. ఎవరో ఎక్కడో అన్న గొప్ప మాటలు నాలుక చివర సిద్ధంగా ఉండేవి. ఆ ఏడాది పాఠాల్లో రోమన్ల పాత వీరకావ్యం ఒకటి వచ్చింది. అది చదివిన మర్నాడే తరగతిలో లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, నాయకుడంటే ఎవరండీ? మన లేఖనంలో కాపరా, ఈ రోమా వీరుడా? ఊరు తగలబడిపోతోంది. తండ్రిని భుజాన వేసుకున్నాడు, కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. భార్యను మాత్రం వెనక నడిచి రమ్మన్నాడు. ఊరు దాటాక చూసుకుంటే ఆవిడ లేదు! సామ్రాజ్యమంటే ఇదేనండీ. తనకు కావలసినవాళ్ళను మోస్తుంది, మిగిలినవాళ్ళను వెనక రమ్మంటుంది. మన కాపరి మందనంతా వదిలి తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్ళాడు. తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడు. ఈ రెండింటికీ పోలికేమిటండీ అసలు?"

వెనక బల్లలవాళ్ళు చప్పట్లు కొట్టారు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బాగా చెప్పావు నాయనా. భార్య కనపడలేదన్నావు గదా, అప్పుడు ఆ మనిషి ఏం చేశాడు?"

"ఏముందండీ! ఓడలెక్కాడు, యుద్ధాలు గెలిచాడు, రాజ్యానికి పునాది వేశాడు."

"సరే, చూద్దాం" అన్నారు అయ్యగారు.

ఆ శ్రావణంలో గోదావరి పోటెత్తింది. ఏటిలోని చిన్నలంక ఊరి చుట్టూ నీళ్ళు లేచాయి. పడవలు వస్తాయన్నారు, రాలేదు. మోకాలి లోతు నీళ్ళలో ఏటిగట్టు దాకా జనాన్ని నడిపించుకు రావడానికి పాఠశాల కుర్రాళ్ళందరూ దిగారు. "ముందు నేనుంటానండీ" అన్నాడు టైటస్. "వెనక నేనుంటాను" అన్నారు అయ్యగారు. చివరి ఇళ్ళు ఖాళీ చేయించడానికి ఆయన లంకలోనే ఆగిపోయారు.

పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయిన ఇస్సాకు తాతను టైటస్ తన భుజాల మీద ఎక్కించుకున్నాడు. తాత భార్య నెత్తిన మూటతో గుమ్మంలో నిలబడి ఉంది. "మామ్మా, నువ్వు నా వెనకే వచ్చెయ్" అన్నాడు. ఆవిడ "ఆయ్" అంది. నడుస్తూండగా నీళ్ళు తొడల దాకా వచ్చాయి. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. జనానికి ధైర్యం చెప్పాలని టైటస్ గొంతెత్తాడు. "ఎవరి చెయ్యీ ఎవరూ వదలొద్దు!" అని అతను అరిస్తే "వదలొద్దు!" అని అందరూ అందుకున్నారు. తర్వాత పాట ఎత్తుకున్నాడు. మంచి గొంతు. ఏటి హోరును కూడా మించింది.

జనమంతా గట్టెక్కగానే చప్పట్లు మోగాయి. తాత ఇంకా భుజాల మీద ఉండగానే ఒక విలేకరి ఫొటో తీసి, రెండు ముక్కలు మాట్లాడమన్నాడు. టైటస్ తాతను దింపి గోనెపట్టా మీద కూర్చోబెట్టాడు. ఎవరో ఇచ్చిన తువాలుతో ముఖం తుడుచుకుని మొదలుపెట్టాడు. నాయకుడంటే పెత్తనం చేసేవాడు కాదన్నాడు. ఆఖరి మనిషి దాకా మోసేవాడన్నాడు.

"మా ఇంటిది ఏదీ బాబూ?" అన్నాడు ఇస్సాకు.

"వస్తోంది తాతా, వెనకే ఉంది" అని చెప్పి మళ్ళీ విలేకరి వైపు తిరిగాడు.

కాసేపటికి తాత మళ్ళీ అడిగాడు. టైటస్ చేత్తోనే ఆగమన్నాడు. ఈసారి తాత అడగడం మానేశాడు. పట్టా మీంచి కిందికి జారి, పడిపోయిన కాళ్ళను ఈడ్చుకుంటూ, మోచేతుల మీద పాక్కుంటూ నీళ్ళ వైపు బయల్దేరాడు. బురదలో ఆ చప్పుడు విని టైటస్ నోట్లో మాట ఆగిపోయింది. అప్పుడు వెనక్కి చూశాడు. దాటి వచ్చిన దారిలో నీళ్ళు తప్ప ఎవరూ లేరు.

వెంటనే దిగలేదు అతను. ఎవరిని పంపితే బాగుంటుందా అని చుట్టూ చూశాడు. తర్వాత రోజుల్లో అన్నిటికంటే ఆ చూపే అతన్ని ఎక్కువ కాల్చింది.

అతను ఇంకా చూస్తూండగానే దూరంగా కొబ్బరిచెట్ల మధ్య రెండు తలలు కనిపించాయి. ఒకటి అయ్యగారిది. ఇంకోటి తాత భార్యది. నెత్తిన మూట లేదు. వెనకబడి, గుంటలో కాలుజారి, కొబ్బరిచెట్టు పట్టుకుని చంకల లోతు నీళ్ళలో నిలబడి ఉంటే, చివర వస్తున్న అయ్యగారి కంటబడిందట. గట్టు మీదికి రాగానే ఆవిడ పాక్కుంటూ వచ్చిన మొగుణ్ణి చూసి, "సరేలే, ఈత కొట్టడానికి బయల్దేరాడు మారాజు" అని కసిరి, అతని మోచేతుల బురద పైటకొంగుతో తుడిచింది. అప్పుడు టైటస్ వైపు తిరిగింది.

"మామ్మా, పిలవకపోయావా?" అన్నాడు అతను.

"పిలిచానండి బాబూ, ఒకసారి. తవరు పాటెత్తుకున్నారు గదా, మధ్యలో అరిస్తే బాగోదని ఊరుకున్నాను." అతని కళ్ళు కిందికి దిగడం చూసి కాబోలు, ఇంకో మాట అంది. "మా ముసలాడు బరువు గదా, భుజాలు లాగేస్తున్నాయా నాయనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు. ఒక్కరు తిట్టినా బాగుండుననిపించింది టైటస్‌కు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. భుజాల మీద తాత, నోరు తెరిచి ఏదో అంటున్న టైటస్, వాళ్ళ వెనక ఉత్త నీళ్ళు. పాఠశాల వరండాలో కుర్రాళ్ళు దాన్ని గోడకు అంటించారు. టైటస్ చించెయ్యబోయి, దానికీ సిగ్గుపడి, అయ్యగారి గదికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన చదువుతున్న పుస్తకం మూశారు.

"ఆ రోజు నేనడిగింది నువ్వు చెప్పనేలేదు నాయనా. భార్య కనపడకపోతే ఆ రోమా వాడు ఏం చేశాడు?"

టైటస్‌కు అప్పుడూ తెలుసు. తన వాదానికి పనికిరాదని వదిలేశాడు.

"వెనక్కి వెళ్ళాడండీ" అన్నాడు నేల చూస్తూ. "తగలబడుతున్న ఊళ్ళోకి, ఒక్కడే. ఆవిడను పేరు పెట్టి పిలుచుకుంటూ వీధులన్నీ తిరిగాడండీ."

"మన కాపరి?"

"ఆయన కూడా తన గొర్రెల్ని పేరు పెట్టే పిలుస్తాడండీ."

అయ్యగారు తల ఊపారు. "ఇస్సాకు భార్య పేరేమిటి?"

టైటస్‌కు మామ్మా అన్న పిలుపు తప్ప ఇంకేదీ తట్టలేదు.

"ఏటిగట్టు మీది బడిలో తలదాచుకున్నారు వాళ్ళు" అన్నారు అయ్యగారు, పుస్తకం మళ్ళీ తెరుస్తూ. "అడిగి రా. పోలిక సంగతి తర్వాత చూద్దాం."