కిట్టాలమ్మ బుగ్గ మీది గుంట

కిట్టాలవలసలో బస్సు దిగి, మెట్టదారిన పది నిమిషాలు నడిస్తే కిట్టాలమ్మ తల్లి కోవెల వస్తుంది. గోపురం లేదు. పెంకుటింటి ఎత్తున చిన్న గర్భగుడి, దాని ముందు రేకుల పందిరి, పందిరికి కుడివైపున మసిబారిన పాత కొలిమి సాల ఉన్నాయి. కొత్తగా వచ్చిన భక్తులు ఆ సాలను వంటశాల అనుకొని ప్రసాదం కోసం అక్కడ వరుస కడతారు. అక్కడ ప్రసాదం పెట్టరు. కొలిమికి దణ్ణం పెట్టుకొని ఇవతలికి రావాలి.

అమ్మవారు జానెడు ఎత్తున్న కంచు విగ్రహం. ముఖం కళకళలాడుతూ ఉంటుంది. ఎడమ బుగ్గ మీద కందిగింజ పట్టేంత గుంట ఉంది. పెళ్ళికూతురికి బుగ్గచుక్క పెట్టినట్టు రోజూ ఆ గుంటలో కాటుక దిద్దుతారు.

ఈ కోవెలలో పేరు, గోత్రం, నక్షత్రం అడగరు. "మీరేం పని సేత్తారు? మీ పనిలో మాట ఒకటి సెప్పండి, దానర్థం సెప్పండి" అని పూజారమ్మ అడుగుతుంది. చెప్పేది వరుసలో వెనక నిలబడ్డవారికి వినిపించాలి. గుసగుసలాడితే అర్చన జరగదు. చాలామంది ఇక్కడ తెల్లమొహం వేస్తారు కనుక, ఈ ఆచారం ఎలా పుట్టిందో, ఆ గుంట ఎలా పడిందో ఈ చిన్న పుస్తకంలో రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ కంచరివలస అనే ఊరు ఉండేది. పద్నాలుగు కంచరి గడపలవారు కంచు గిన్నెలు, చెంబులు, గంటలు పోసి బతికేవారు. కరిగిన లోహాన్ని మట్టి అచ్చులో పోయడాన్ని పోత అంటారు. ఆ పని జరిగే సాలలో ఆడవారు అడుగు పెట్టరాదని ఒక కట్టుబాటు. సాలలో పలికే పనిమాటల అర్థం బయట చెప్పరాదని మరొకటి. పని ఆగిపోయి నలభై రోజులు పోత జరగని సాలను కులపెద్ద తీసుకొని, పని చేయగల మరొకరికి అప్పగించాలని మూడవది. ఈ మూడింటికీ ఆనాటి కాపలాదారు కులపెద్ద సూరయ్య. ఆయన మంచి పనివాడు, మాట మీద నిలిచే మనిషి. ఆయనను చెడ్డవాడని పెద్దలెవరూ చెప్పలేదు, మేమూ చెప్పము.

సూరయ్య తమ్ముని కొడుకు గవరయ్య. ఊరివారు అమ్మవారికి కంచు విగ్రహం చేయించదలచి, ఇంటింటా పగిలిన గిన్నెలు, చిల్లుపడ్డ చెంబులు పోగు చేసి గవరయ్యకు అప్పగించారు. అతడు తేనెమైనంతో అమ్మవారి రూపం తీర్చాడు. మైనపు బొమ్మ మీద మట్టి పొదిగి, నిప్పుల్లో కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోయడమే మిగిలింది. బొమ్మ పూర్తయిన నాడే గవరయ్య స్నానానికని లేచి వాకిట్లో కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు కూడా పడిపోయింది. చూపు, వినికిడి, తెలివి మాత్రం చెక్కుచెదరలేదు.

వైద్యాలతో ముప్పై రోజులు గడిచాయి. ఇంకో పది రోజుల్లో సాల చేతులు మారుతుంది. సాల పోతే మంచం పట్టిన మనిషిని తీసుకొని ఎక్కడికి పోవాలో గవరయ్య భార్య దాలమ్మకు తోచలేదు. అంతకు మించి, తన చేతులతో తీర్చిన బొమ్మను వేరెవరో పోస్తుంటే చూస్తూ పడి ఉండవలసిన భర్తను తలచుకొని ఆమె కుమిలిపోయింది. చివరకు పోత తానే పోస్తానంది. ఊరిలో కొందరు నవ్వారు, కొందరు జాలిపడ్డారు.

దాలమ్మ తెగింపుకు ఆధారం లేకపోలేదు. సాలకూ ఆమె వంటింటికీ మధ్య ఉన్నది తడిక గోడ. పద్దెనిమిదేళ్ళుగా ఆమె తడికకు ఇవతల పొయ్యి ముందు కూర్చొని అవతలి కేకలు వింటున్నది. పోత నాడు గవరయ్య నాలుగు కేకలు వేసేవాడు. మొదట ఊదర, తరువాత పుటం, తరువాత కిట్టం, చివరకు పోత. కేక వినగానే లోపలి పనివారు మారుమాట లేకుండా ఆ పని చేసేవారు. కేకలన్నీ దాలమ్మకు కంఠతా వచ్చు. పనులు మాత్రం ఆమె కంటపడలేదు. అర్థాలు తెలిసిన భర్తకు నోరు లేదు.

అవునంటే రెప్ప వాల్చమని ఆమె భర్తకు చెప్పింది. "కిట్టమంటే ఉప్పా? బూడిదా? సన్న ఇసకా?" అని తోచినవన్నీ అడిగింది. గవరయ్య రెప్ప కదల్చకుండా చూస్తూ ఉండిపోయాడు. తెలియని పనిని గురించి ఏమని అడగాలో తెలియక ఆమె అలసిపోయింది.

అప్పుడామె ఊరి చివర ఉన్న కుమ్మరి పైడితల్లి ఇంటికి వెళ్ళింది. పైడితల్లి విని నవ్వింది.

"ఊదరంటే ఏటో తెలవదేటే? అరటిగెలకి ఎట్టే పొగే గదా! పచ్చి మట్టికి ముందు సన్నంగా పొగెట్టి తేమ లాగాల. నేకపోతే పగిలిపోద్ది. పుటమంటే ఆ తరవాత సుట్టూ పిడకలు పేర్చి గట్టిగా కాల్చడం. మట్టి పని గదా, ఇయి రెండూ నాకెరికే."

"మరి కిట్టం, అప్పా?" అని దాలమ్మ అక్క వరుసతో అడిగింది.

"మట్టికి కిట్టం నేదమ్మా. అది మీ లోహం మాట. మీ వోల్లనే అడుగు."

కంసాలి, కమ్మరి, వడ్రంగి, రాతిపని చేసే కాసె, కంచరి, ఈ ఐదు పనులవారిదీ ఆ ఊరిలో ఒకే కట్టు. సూరయ్య కాదన్న మాటను వారిలో ఎవరూ, గవరయ్య సాలలో పని చేసినవారైనా సరే, చెప్పరు. కనుక దాలమ్మ నేరుగా సూరయ్య గడపకే వెళ్ళి, కొంగు నిండుగా కప్పుకొని వాకిట్లో నిలబడింది.

"మావయ్యా, ఒక్క మాటకి అర్థం సెప్పండి. కిట్టమంటే ఏటి?"

సూరయ్య నేల చూస్తూ అన్నాడు. "కోడలా, నువ్వు పడే కష్టం నాను సూత్తన్నాను. కావాలంటే రెండు పూటలా మా ఇంట్లో తినండి. ఆ మాట మట్టుకు అడక్కు. మా తాత నాకు సాలలో సెప్పిన మాట అది. సాల దాటించను."

దాలమ్మ ఏడుస్తూ ఇంటికి వచ్చింది. ఆ మధ్యాహ్నం రోటి పక్కన కొంగు పరుచుకొని పడుకొన్నప్పుడు ఆమెకు స్వప్నంలో అమ్మవారు కనిపించింది. మైనం రంగులో ఉన్నది, ఇంకా కంచు కాలేదు. "తెలిసినకాడికి సెయ్యి. తెలవని కాడ నా ఒంటి మీద ఒగ్గెయ్. అడిగినోల్లకి నానే సూపిత్తాను" అని చెప్పి మాయమైంది. కిట్టం అంటే ఏమిటో చెప్పి ఉంటే సరిపోయేది గదా అని కొందరు భక్తులు మమ్మల్ని అడుగుతుంటారు. అమ్మవారు చెప్పలేదు. చెప్పవలసినవారు ఊరిలోనే ఉన్నారు.

మట్టి పొదగడం, ఊదర పెట్టడం, పుటం వేయడం పైడితల్లి వాకిట్లో ఆమె సాయంతో పూర్తయ్యాయి. నలభయ్యవ రోజు మిట్టమధ్యాహ్నం దాలమ్మ కట్టుబాటు కాలదన్ని సాలలోకి వెళ్ళింది. పైడితల్లి కొలిమి తిత్తి ఊదింది. గవరయ్యను మంచంతో సహా సాల గుమ్మంలో దించారు. పొద్దు గూకితే సాలను స్వాధీనం చేసుకొందామని సూరయ్య వచ్చి కంచె బయట నిలబడ్డాడు. అంతవరకు సాల గవరయ్యదే కనుక లోపలికి వచ్చి అడ్డుపడలేదు, కానీ అక్కడి నుంచి ఆయనకు అంతా కనిపిస్తున్నది.

మూసలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలో, ఊరివారి గిన్నెలూ చెంబులూ కరిగి ఎర్రగా మరిగాయి. వాటి పైన నల్లని తెట్టు తేలింది. దాలమ్మ తాను విన్న వరుస ప్రకారం "కిట్టం!" అని కేక వేసింది. కేక వేసి, ఏం చేయాలో తెలియక భర్త వంక చూసింది.

గవరయ్య చూపు గోడ మీద నిలిచింది. అక్కడ పొడుగు కాడ ఉన్న ఇనుప గరిటె వేలాడుతున్నది. దాని కిందనే మంచినీళ్ళ కుండ ఉన్నది. దాలమ్మ ఆ చూపు వెంట చూసి, మనిషికి దాహం వేసిందనుకొన్నది. పరుగున పోయి ముంత ముంచి నీళ్ళు తెచ్చి అతని నోట పోయబోయింది. గవరయ్య పెదవులు బిగించాడు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కంచె బయట సూరయ్యకు ఆ చూపు అర్థమైంది. ఆయన నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకొన్నాడు.

లోహం చల్లబడితే పోత దక్కదని దాలమ్మకు అంతమాత్రం తెలుసు. పట్టకారుతో మూసను పట్టి, "పోత!" అని కేక వేసి, తేలిన తెట్టుతో సహా అచ్చులో పోసింది.

మర్నాడు పొద్దున ఊరంతా చూస్తుండగా మట్టి పగలగొట్టారు. గవరయ్య తీర్చిన ముఖం తీర్చినట్టే వచ్చింది. ఎడమ బుగ్గ మీద మాత్రం నల్లని గుంట పడింది. లోపమున్న పోత పోతగా లెక్కకు రాదు. లెక్కకు రాకపోతే నలభై రోజులూ దాటినట్టే, సాల పోయినట్టే. తీర్పు చెప్పమని అందరూ సూరయ్య ముఖం చూశారు.

సూరయ్య విగ్రహాన్ని చేతిలోకి తీసుకొని గుంటను బొటనవేలితో తడిమాడు. ఎన్నేళ్ళ పని అలవాటో, ఆయన నోటి వెంట మాట దానంతటదే వచ్చేసింది.

"కిట్టం తియ్యకుండా ఎలా పోసేసినావు, కోడలా?"

దాలమ్మ తల ఎత్తి చూసింది.

"అంటే అది తీసీదా, మావయ్యా?"

సూరయ్య అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. కొంతసేపటికి విగ్రహాన్ని దాలమ్మ ఒడిలో పెట్టి, "ఈ గుంట నీ సేతిది కాదమ్మా. నా నోటిది" అన్నాడు. ఆ తరువాత నిలబడి, ఊరివారందరికీ వినబడేలా, "కిట్టమంటే కరిగిన లోహం మీద తేలే మురికి. గరిటెతో తీసి పారబొయ్యాల. తియ్యకపోతే పోతలో గుంటలు పడతాయి" అని చెప్పాడు. సాల గవరయ్యదేనని, అందులో దాలమ్మ పని చేస్తుందని తీర్పు ఇచ్చాడు. విగ్రహాన్ని కరిగించి మళ్ళీ పోద్దామని కొందరన్నారు. దాలమ్మ ఒప్పుకోలేదు. స్వప్నంలో అమ్మవారు ఒగ్గెయ్యమన్న, అంటే వదిలెయ్యమన్న, చోటు అదేనని చెప్పింది.

గవరయ్యకు ఆ రోజే మాట తిరిగి వచ్చిందని బయట దుకాణాలలో అమ్మే పుస్తకాలలో ఉంటుంది. రాలేదు. అతడు ఆ తరువాత మూడేళ్ళు బతికి, సాల గుమ్మంలో మంచం మీద నుంచి దాలమ్మ పని చూస్తూ, కళ్ళతోనే తప్పులు దిద్దుతూ వెళ్ళిపోయాడు. అప్పటికి ఆమెకు అతని చూపు చదవడం బాగా వచ్చింది.

ఊరి పేరు కిట్టాలవలస అయింది. నేటికీ పూజ చేసేది దాలమ్మ ఇంటి ఆడవారే. జాతర నాడు అందరికంటే ముందు సూరయ్య వంశంవారు వచ్చి, అమ్మవారి ఎదుట నిలబడి, కిట్టం అంటే ఏమిటో గట్టిగా చెప్పాలి. ఆ తరువాతే భక్తుల వరుస కదులుతుంది. నేతగాళ్ళు, బోరు మెకానిక్కులు, నర్సమ్మలు, బట్టలు కుట్టేవారు తమ తమ మాటలు చెబుతారు. రెండేళ్ళ కిందట ఒక ఆఫీసరుగారు కాగితాలలో వాడే పెద్ద మాట ఒకటి చెప్పి, అర్థం చెప్పలేకపోయారు. పూజారమ్మ వారిని వరుస చివరకు పంపింది. వారు కోప్పడలేదు. ఎవరికో ఫోను చేసి తెలుసుకొని మళ్ళీ వచ్చారు.

కొత్తగా పని నేర్చుకొనేవారు ఇక్కడ మొక్కుకొంటే చేతికి పని త్వరగా వస్తుందని, నోరు పడిపోయినవారిని తీసుకొస్తే వారి మనసులోని మాట ఇంటివారికి తెలుస్తుందని నమ్మకం. గుంట పూడ్పించి బంగారు తొడుగు చేయిస్తామని దాతలు ముందుకు వచ్చారు. సూరయ్య వంశంవారు అంగీకరించలేదు.

తీర్థం తీసుకోకుండా వెళ్ళరాదు. గర్భగుడి గోడకు ఆ ఇనుప గరిటె ఇప్పటికీ వేలాడుతూ ఉంటుంది, దాని కింద నీళ్ళ కుండ ఉంటుంది. భక్తుడు దోసిలి పట్టగానే పూజారమ్మ ముందుగా గరిటెను చూపించి, అది దేనికో చెబుతుంది. ఆ తరువాతే నీళ్ళు పోస్తుంది.