తురాయి కొడుకు చెవులు

అనగనగా ఒక వెదురు అడవిలో దుప్పుల మంద ఒకటి ఉండేది. ఆ మందలో తురాయి అనే దుప్పికి తొలిచూలు బిడ్డ పుట్టాడు. ఒళ్లంతా తెల్లటి చుక్కలు, బెత్తెడు తోక. ముద్దు ఆపుకోలేక వాడికి రేగుపండు అని పేరు పెట్టుకుంది.

పుట్టిన పూటే వాడు తడబడుతూ లేచి నిలబడ్డాడు. తురాయి మురిసిపోయింది. మూడు వారాలకి లేతగడ్డి కొరికాడు. ఆ సంగతి మందంతా తిరిగి చెప్పుకుంది. నెల దాటింది. ఇక పిలిస్తే పరుగెత్తుకొచ్చే వయసు. వాడి ఈడు పిల్లలందరూ తల్లి గొంతు వినగానే చెవులు రిక్కించి గంతులేస్తూ వచ్చేవాళ్లు. రేగుపండు మాత్రం తల కూడా తిప్పేవాడు కాదు.

"ఏమే తురాయీ, నీ కొడుక్కి పిలిస్తే వినపడదా ఏమిటి?" అంది పొరుగు దుప్పి.

"ఆటలో పడితే వాడికి లోకం తెలీదులే," అని తురాయి మాట దాటేసింది.

దాటేసింది గానీ, ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఎందరో పిల్లల్ని పెంచిన ముసలి దుప్పి కోనమ్మని అడుగుదామనుకుంది. 'అడిగితే నా బిడ్డకి వంక పెడుతుందేమో!' అని సిగ్గుపడి ఆగిపోయింది. ఎవరి కంటా పడకుండా కొడుకుని మందకి దూరంగా, పొదల అవతల మేపసాగింది.

ఒకనాడు చెట్టు మీంచి కొండముచ్చు "ఖక్! ఖక్!" అని అరిచింది. చిరుత వస్తోందని దానర్థం. తురాయి చెంగున దూకింది. వెనక్కి చూస్తే రేగుపండు తీరిగ్గా పూలు వాసన చూస్తున్నాడు.

"రేగూ! పరుగెత్తరా!" అని గొంతు చించుకుంది.

వాడు కదల్లేదు. వాడి వెనకే గడ్డి కదులుతోంది. తురాయి ప్రాణాలకు తెగించి వెనక్కి ఉరికింది. మూతితో వాణ్ణి ఒక్క తోపు తోసింది. ఇద్దరూ పరుగు పరుగున వచ్చి మంద మధ్యలో పడ్డారు. అన్ని దుప్పులు ఒక్కసారిగా తలెత్తి చూసేసరికి చిరుత వెనుదిరిగింది.

తురాయి నేరుగా కోనమ్మ దగ్గరికి వెళ్లింది.

"అత్తా, నా బిడ్డ పిలిస్తే పలకడు. ముందే చెప్పాల్సింది. సిగ్గుపడి దాచాను," అని ఏడ్చింది.

కోనమ్మ ఆమె నుదురు నాకింది. "పిచ్చిదానా, ఇందులో సిగ్గెందుకే? ఒకడు నాలుగు రోజులు ముందు నడుస్తాడు, ఇంకొకడు వెనక నడుస్తాడు. దానికి బెంగక్కర్లేదు. కానీ రావాల్సింది ఎన్నాళ్లకీ రాకపోతే, ఎందుకు రాలేదో చూడొద్దూ?"

కోనమ్మ రేగుపండు వెనక నిలబడి ఎండుపుల్లను ఫట్టున విరిచింది. వాడి చెవి కదల్లేదు. వెంటనే దుప్పుల ఒంటి మీది పురుగులు ఏరే గోరింకను పిలిచింది.

గోరింక వాడి చెవిలోకి తొంగిచూసింది. "అయ్యో తల్లీ! రెండు చెవుల్లోనూ రక్తం పీల్చే పిడుదులు గుత్తులు కట్టాయి. చప్పుడు లోపలికి పోయే దారేదీ?" అంది. ముక్కుతో ఒక్కొక్కదాన్నే నొప్పి తెలియకుండా లాగేసింది. అన్నీ తీసేసరికి మూడు రోజులు పట్టింది.

మూడోనాడు తురాయి మెల్లగా "రేగూ" అంది.

వాడు గిర్రున తిరిగాడు. "అమ్మా, నీ గొంతు ఇలా ఉంటుందా!" అన్నాడు.

తురాయికి కళ్లనీళ్లు ఆగలేదు.

వారం గడిచింది. ఆట చాలించి రమ్మని తురాయి నాలుగుసార్లు పిలిచింది. రేగుపండు ఒక చెవి ఇటు తిప్పాడు, ఓరకంట చూశాడు, మళ్లీ ఆటలో పడ్డాడు.

తురాయి కోనమ్మ దగ్గరికి పరుగెత్తింది. "అత్తా! వీడికి మళ్లీ వినపడటం లేదు!"

కోనమ్మ పకపకా నవ్వింది. "శుభ్రంగా వినపడుతోందే! విననట్టు నటిస్తున్నాడు. ఈ వయసుకి రావాల్సిన తెలివే అది. వెళ్లి తోలుకురా!"

నీతి: పక్కవాళ్ల పిల్లలతో పోల్చి బిడ్డను తక్కువ చేయకూడదు, ఎదుగుదలలో ఏదైనా లోటు కనిపిస్తే సిగ్గుపడి దాచకూడదు, తెలిసినవాళ్లను వెంటనే అడగాలి.