గచ్చు మీద పాదముద్ర

ఆ రాజ్యం పేరు మరిచిపోయాను గాని, అక్కడ సున్నపు పని చేసిన గురవమ్మను మరవలేను.

కొత్త కొలువుకూటానికి గచ్చు నేల వేస్తున్నారు. త్వరగా పరుచుకుంటుందని కట్టడాల అధికారి నరసరాజు సున్నంలో బిందెలకొద్దీ నీళ్లు పోయించాడు. పరిచాక గురవమ్మ సగం నేల మీద పాత దుప్పట్లు కప్పి, వాటిపై పొడి ఊకబూడిద పోయించి, పలకలతో అదిమించింది. నీళ్లు పీల్చుకుని తడిసిన బూడిదను తీసి మళ్లీ పొడిది పోయించింది.

"నేను పోయించిన నీళ్లు ఎవరు తీయమన్నారే?" అని నరసరాజు మండిపడ్డాడు.

"కలపడానికి నీళ్లు కావాలి బాబూ. మిగిలినవి లోపలే ఉంటే నేల గుల్లబారి పగులుతుంది."

"నాకే నేర్పుతావా? నీ కూలీలందరినీ తీసుకుని ఇప్పుడే వెళ్లిపో!"

కూలీల ముఖాలు వాడిపోయాయి.

"వెళ్తాం బాబూ," అంది గురవమ్మ. "ఇంత గొప్ప నేల వేయించారు, మీ పాదముద్ర ఒకటి ఉండొద్దా? మునిమనవలు చూసుకుంటారు."

నరసరాజు మురిసిపోయి చెప్పులు విడిచాడు. గురవమ్మ బూడిద, దుప్పట్లు తీయించిన సగం మీద గట్టిగా తొక్కాడు. ముద్ర పడలేదు.

"అటువైపు వేయండి బాబూ. అది మీ మాట విన్న నేల."

అటు అడుగేశాడు. చీలమండ దాకా దిగబడ్డాడు. లాగబోతే రెండో కాలూ దిగింది. కూలీలు నవ్వాపుకోలేక తలలు తిప్పుకున్నారు. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది.

"నువ్వెక్కడికీ వెళ్లొద్దు గురవమ్మా. ఈ సగానికీ దుప్పట్లు కప్పించు."

"ముందు మీరు బయటికి రండి బాబూ. లేకపోతే మిమ్మల్నీ కలిపి ఆరబెట్టాలి," అంటూ గురవమ్మ చెయ్యి అందించింది.