లక్క పగలని కట్ట

మందారగిరి రాజు విక్రమదేవుడికి ఒక ముచ్చట పుట్టింది. ఈ ఏటి ఆయవ్యయ సభలో ఖజానా గురించి అందరికన్నా బాగా మాట్లాడిన సభ్యుడికి, తాటాకు మీద రాసే బంగారు గంటం ఒకటి బహుమతిగా ఇస్తానని చాటింపు వేయించాడు.

చాటింపు వినగానే కోటగిరి నరసరాజు ఆ గంటం దాచుకోవడానికి పట్టుసంచి కుట్టించుకున్నాడు. తొమ్మిదేళ్లుగా ఖజానా చర్చలో ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు. ఎన్నిసార్లు లేచి మాట్లాడాడో తనే లెక్కపెట్టుకుని ఇంటి గుమ్మం మీద 'ముప్పై ఒకటి' అని చెక్కించుకున్నాడు. ఏం మాట్లాడాడో మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఖజానా ప్రజల చెమట అని మొదలుపెట్టి, తన తాతగారి ఏనుగు దగ్గరికి వెళ్లి, అక్కడే ఉండిపోయేవాడు.

సభకు వారం ముందు, వచ్చే ఏటి ఖర్చులన్నీ తాటాకుల మీద రాసి, కట్టగట్టి, ముడి మీద లక్కతో రాజముద్ర వేసి ప్రతి సభ్యుడికీ పంపడం అక్కడి ఆనవాయితీ. విప్పి చదువుకుని, ఆ కట్టతోనే సభకు రావాలి. పొద్దు గుంకేలోగా ఆమోదం పొందని ఖర్చు మళ్లీ ఏడాదికే.

చివరి ఆకులో ఉండేది ములకల రేవుకు కొత్త పడవ. తొమ్మిదేళ్లుగా అది చివరి ఆకులోనే ఉంది. నరసరాజు కూర్చునేసరికి ఏటా పొద్దు గుంకేది. నిరుడు వానల్లో పాత పడవ నడిఏట్లో విచ్చుకుని నలుగురు పోయారు. వాళ్ల గురించి కూడా ఆయన గొప్పగా మాట్లాడాడు, పొద్దు గుంకేదాకా.

సభలో గడియకోసారి గంట కొట్టే ఏకాంబరానికి ఇది కడుపుమంట. వాళ్లమ్మాయి గౌరిని రేవు అవతలే ఇచ్చారు. ఇప్పుడు ఏడో నెల. పురిటికి పుట్టింటికి రావాలంటే అతుకులు వేసిన ఆ పడవే గతి.

కట్టలు పంపే ముందు రోజు అతను రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, నరసరాజుగారు పడవకు అడ్డుపడటం లేదు. కట్టలో పడవ ఉందనే ఆయనకు తెలీదు."

"ముప్పై ఒక్కసార్లు మాట్లాడినవాడికి తెలీదా?"

"సభ అయ్యాక కట్టలు పోగుచేసి కొట్టులో పెట్టేది నేనే. ఆయన కట్ట మీద లక్క ఒక్క ఏడూ పగల్లేదు."

తర్వాత ఏకాంబరం రాజుకు ఒక ఉపాయం చెప్పాడు. రాజు నవ్వాడు కానీ, హెచ్చరించాడు కూడా.

"నీ మాట అబద్ధమైతే నీ కొలువు ఉండదు."

"పడవ రాకపోతే నా కూతురే ఉండదేమో ప్రభూ."

సభ రోజు నరసరాజు లేచాడు. కట్ట పైకెత్తి ఊపాడు.

"ప్రభూ, ఖజానా ప్రజల చెమట. ఈ కట్టలో ప్రతి ఆకూ మూడేసిసార్లు చదివాను. మొదటి ఆకు చదువుతుంటేనే నా కళ్లవెంట నీళ్లు కారాయి. మా తాతగారి ఏనుగు..."

ఠంగుమని గంట మోగింది.

"గడియ కాలేదే, ఎందుకు కొట్టావు?" అన్నాడు రాజు.

"తప్పే ప్రభూ. వారిని అంతగా ఏడిపించిన ఆకేదో ఒక్కసారి చదివించండి. మేమూ ఏడుస్తాం."

రాజు చదవమన్నాడు. నరసరాజు కట్ట వంక చూశాడు. ముడి మీద లక్క నిన్న వేసినట్టు నిగనిగలాడుతోంది. సభంతా దాన్నే చూస్తోంది.

"చదివాను ప్రభూ. చదివి, పరాయివాళ్ల కళ్లు పడకూడదని మళ్లీ ముద్ర వేయించాను."

ఏకాంబరం గంట కర్ర కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"అయితే రాజముద్ర మీ ఇంట్లో కూడా ఒకటుందా దొరా?"

దొంగముద్రకు ఆ రాజ్యంలో శిక్ష చెయ్యి నరకడం. నరసరాజు కట్ట కిందికి దించాడు.

"చదవలేదు ప్రభూ."

తొమ్మిదేళ్లలో ఆయన మాట్లాడినవాటిలో ఇంత పొట్టిదీ, ఇంత నిజమైనదీ ఇంకోటి లేదు.

మంత్రి కట్ట అందుకుని లక్క పగలగొట్టాడు. ఆకుల మధ్య నుంచి బంగారు గంటం జారి కిందపడింది. మొదటి ఆకు మీద రాజు చేతిరాత ఉంది. మంత్రి పైకి చదివాడు.

"సభకు రాకముందే ఇది విప్పి చదివినట్లయితే ఈ గంటం మీదే. ములకల రేవుకు పడవ కావాలని ఒక్క మాట చెప్పి కూర్చోండి, చాలు."

వారం రోజులు బహుమతిని ఇంట్లో పెట్టుకుని, ఇందాక సభ ముందు దాన్నే ఊపి ఊపి అడిగాడన్నమాట మహానుభావుడు.

"ఇక చివరి ఆకు, ములకల రేవు పడవ. ఎవరైనా మాట్లాడతారా?" అన్నాడు రాజు.

ఎవరూ లేవలేదు. ఉత్తరీయాల చాటు నుంచి చిటచిటమని లక్క పగులుతున్న చప్పుళ్లు మాత్రం వినిపించాయి. మిగతా సభ్యులు హడావుడిగా తమ కట్టలు విప్పుకుంటున్నారు. ముందు రాజుకే నవ్వు ఆగలేదు.

"పడవకు ఆమోదం. ఏకాంబరం, గంట కొట్టు. ఈ గంటం నీదే."

ఏకాంబరం గంట కొట్టి, దణ్ణం పెట్టాడు.

"నాకు రాయడం రాదు ప్రభూ. నరసరాజుగారికే ఇప్పించండి. ఇవాళ్టి ప్రసంగంతో గుమ్మం మీద ముప్పై రెండు చెక్కుకోవాలి కదా."

సభ పగలబడి నవ్వింది. రాజు కళ్లు తుడుచుకుంటూ దిగివచ్చి గంటం ఏకాంబరం తలపాగాలో గుచ్చాడు.

"కొత్త పడవ ఎక్కే మొదటి మనిషి మీ గౌరి," అన్నాడు.